గీకని రూపాయి

పాత నాణేన్ని చింతపండుతో తోమేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎనభైల్లో అద్దంకి పక్కన ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. నాకు నాణేల పిచ్చి ఉందని తెలిసి ఎవరో ఒకరు కొంగునో పంచెలోనో ముడేసుకొని తెచ్చేవాళ్లు. తెచ్చేముందు చింతపండు, బూడిద వేసి తళతళలాడేలా రుద్దేవాళ్లు. "మీకు చూపించాలని శుభ్రం చేశామండీ" అంటూ నా మెప్పు కోసం చూసేవాళ్లు. వందేళ్లుగా పట్టిన రంగునంతా ఊడ్చిపారేసి వెండిని కొత్త గిన్నెలా చేసినందుకు చెంప పగలగొట్టాలనిపించేది. ఇక కంసాలి పరీక్ష కోసం పెట్టిన గాట్లు, మొలతాడుకు గుచ్చడానికి పొడిచిన చిల్లులు చూస్తే ఆ నాణేన్ని మళ్లీ ముట్టబుద్ధయ్యేది కాదు. మనుషులు పాడుచేయని వస్తువు లోకంలో లేదని విసుక్కునేవాణ్ణి, నేనేదో మనిషిని కానట్టు.

అయితే ప్రతి మచ్చా మనిషి చేసింది కాదు. కొన్ని నాణేలు పుట్టుకతోనే లోపంతో వస్తాయి. టంకశాలలో వెండిని రేకుగా సాగదీసేటప్పుడు లోపల మురికో గాలో ఇరుక్కుంటే, అక్కడ పైపొర ఉల్లిపొట్టులా లేచిపోయి గుంట పడుతుంది. తేడా కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు. తర్వాత ఎవరైనా గీకితే లోహం పక్కకు నెట్టుకుపోయి అంచున గట్టులా లేస్తుంది, గీతలు బొమ్మను కోసుకుంటూ పోతాయి. అచ్చు వేయకముందే ఉన్న గుంటలోకైతే అచ్చు కూడా దిగుతుంది. అడుగున మసకగానైనా బొమ్మ కనిపిస్తుంది. గీకిన చోట బొమ్మ మిగలదు.

ఇంత తెలిసినవాణ్ణి ఏం చేశానో చెబుతాను.

మిరపకాయల కోతలు అయ్యాక మా చర్చిలో కోత పండుగ జరిగేది. ఎవరికి పండింది వాళ్లు దేవుడికి కానుకగా తెచ్చేవాళ్లు. గుమ్మడికాయలు, కోళ్లు, బుట్టెడు మిరపకాయలు. చేను లేని కూలివాళ్లు ఇంట్లో ఉన్నదేదో తెచ్చేవాళ్లు. ఆరాధన అయ్యాక అన్నిటినీ ఆవరణలో పెట్టి వేలం పాడేవాళ్లు. ఆ ఏడు ఒక కూలి మనిషి తెల్లదొరల కాలంనాటి రాణి బొమ్మ వెండి రూపాయి తెచ్చింది. పత్తికి పురుగుమందు కొడుతూ ఆమె భర్త చేలోనే పడిపోయి, గుంటూరు పెద్దాసుపత్రిలో చావు తప్పి బయటపడ్డాడు. అతను బతికితే, చనిపోయిన తల్లి గుర్తుగా మిగిలిన ఆ ఒక్క రూపాయినీ దేవుడికిచ్చేస్తానని మొక్కుకుందట.

సంఘ పెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనకవైపు పూలతీగ మీద చిటికెనవేలి గోరంత గుంట ఉంది.

"ఏంటమ్మా ఇది? వెండి గీక్కొని మిగిలింది దేవుడికిస్తన్నావా?"

"అయ్యో, ఎంత మాటండీ! మా అమ్మ ఇచ్చినప్పుడే అట్టా ఉందండీ. నేను గోరు కూడా తగలనీలేదండీ."

జనం గొణిగారు. కళ్లంలో ఆమె పక్కనే కూర్చొని మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లే మూతులు తిప్పుకున్నారు. దేవుడి సొత్తులో చెయ్యిపెట్టిందన్న పేరు పడితే, ఆ మనిషిని ఇక ఏ రైతూ కళ్లంలోకి రానివ్వడు.

"మాస్టారూ, మీకు వీటి సంగతి తెలుసుగా. చూసి చెప్పండి" అని పెద్ద ఆ రూపాయిని నా చేతికిచ్చాడు.

జేబులోంచి భూతద్దం తీశాను. చూసీ చూడగానే తెలిసిపోయింది. గుంట అడుగున ఆకు ఈనె సన్నగా, తెగకుండా సాగుతోంది. అంచులు చదునుగా ఉన్నాయి. ఆకురాయి గీత ఒక్కటీ లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత దానిమీది సంవత్సరం చూశాను. నా పెట్టెలో లేనిది, ఏళ్ల తరబడి నేను వెతుకుతున్నది. పక్కనే పత్తి వ్యాపారి నిలబడి ఉన్నాడు. మంచి సరుకని తెలిస్తే గొప్ప కోసం ఎంతకైనా పాడే రకం.

"చెప్పలేమండీ" అన్నాను.

అంతే. పూర్తి అబద్ధం ఆడే దమ్ము కూడా లేదు నాకు. తెలిసిన మాస్టారే కాదనలేకపోయాడంటే ఇంకేముందని జనం తేల్చేసుకున్నారు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. నేను గుమ్మడికాయల వైపు చూశాను.

గీకిన రూపాయిని ఎవరూ పాడలేదు. పత్తి వ్యాపారి నవ్వి ఊరుకున్నాడు. నేను పాడాను. కోడి ఖరీదుకన్నా తక్కువకే వచ్చింది. పోనీలే పాపం అని కొంటున్నట్టు ముఖం పెట్టడం మాత్రం నాకు బాగా చేతనైంది. ఆ ముఖాన్ని తలచుకుంటే ఇప్పటికీ దాని మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

ఇంటికి బయల్దేరితే చర్చి గేటు దగ్గర ఆమె ఎదురొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేతులు జోడించింది.

"మీరు పాడకపోతే నా కానుక అక్కడే పడుండేదండీ. మీ మేలు మర్చిపోనండీ."

నేను జేబులో చెయ్యి పెట్టుకొని నిలబడ్డాను. రూపాయి వేళ్లకు తగులుతోంది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు నిజంగా తెలీదండీ. మీ అంతటివాళ్లే కాదనలేదంటే, మా అమ్మే గీకి ఉంటదండీ. మమ్మల్ని సాకడానికి ఎన్ని అగచాట్లు పడిందో ఏమో. దేవుడు మా అమ్మను క్షమిస్తాడంటారా, మాస్టారూ?"

"క్షమిస్తాడులేమ్మా" అన్నాను.