ఎడమ పక్క సంతకం

ఆమెను అందరూ కాజాలక్క అంటారు. బడి యూనిఫారాలు కుట్టే షెడ్డులో పద్నాలుగేళ్లుగా ఆమె పని చొక్కాలకు గుండీలు దూర్చే కాజాలు తీయడమే. మగపిల్లల చొక్కాకు కాజా ఎడమ పక్క, ఆడపిల్లల చొక్కాకు కుడి పక్క. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అలాంటి మనిషికి ఒక్క కాగితం మీద పక్క తప్పింది. తప్పితే తప్పింది గానీ, దాంతో ఆమె చదువు చేజారే దాకా వచ్చింది.

ఈ వయసులో చదువేమిటని అడుగుతారేమో, అదీ చెబుతాను. పోయిన ఏడు షెడ్డుకు డిగ్రీ చదివిన సూపర్‌వైజరు వచ్చాడు. సూదిలో దారం ఎక్కించడం రాదు గానీ నోరు మాత్రం గట్టిది. వచ్చిన వారానికే నాలుగు వందల ఆడపిల్లల చొక్కాలకు ఎడమ పక్క కాజాలు తీయమన్నాడు. "కుడి పక్క కదండీ?" అని ఆమె అంటే, "డిగ్రీ ఎవరికుంది, నీకా నాకా?" అన్నాడు. చొక్కాలన్నీ తిరిగొచ్చాయి. తిట్లు తిన్నది ఆమే, చొక్కాల ముందుండే కాజాల పట్టీలు విప్పి పక్క మార్చిందీ ఆమే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత మార్కుల కాగితం బయటికి తీసింది.

డిగ్రీ మొదటి ఏడు ఆమె ఎప్పుడో పాసయింది. రెండో ఏడు మొదలవగానే కడుపుతో ఉందని అత్తగారు మానిపించారు. "బిడ్డను పుస్తకం పెంచుతుందా?" అని ఒక్క మాటే అన్నారు. ఆ మాటకు జవాబు దొరక్క పదహారేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు కాలేజీలో అడిగితే, ఆగిన చోటి నుంచే చేరవచ్చన్నారు. ఆదాయం తక్కువుంటే ఫీజు మాఫీకి దరఖాస్తు పెట్టుకోమన్నారు, పెట్టింది. మాఫీ వస్తేనే చదువు. ఆమె జీతం, లారీ తోలే భర్త జీతం కలిపితే ఇల్లు గడుస్తుంది, కూతురి పదో తరగతి గడుస్తుంది. ఇంకో ఫీజు మోసే ఓపిక ఆ ఇంటికి లేదు.

మాఫీ జాబితా అంటించిన రోజు ఒక పూట సెలవు పెట్టి వెళ్లింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వేలు పెట్టి చదివింది. ఆమె పేరు లేదు. ఆమె కూతురి పేరు ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పదో తరగతి పిల్లకు డిగ్రీ ఫీజు మాఫీ అయింది. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తాను అడిగితే ఆయన కాగితం తీసి చూసి, "మాఫీ అయిందమ్మా. పాపను తీసుకురండి" అన్నాడు.

"పాప కాదండీ, చదివేది నేను."

"మరి విద్యార్థి పేరు దగ్గర పాప పేరు రాశారేం? తల్లి దగ్గర మీ పేరుంది. సంతకం కూడా కుడి పక్క సంరక్షకుల గడిలోనే పెట్టారు."

నిజమే. బడి ఫారాలు, టీకాల ఫారాలు, విహారయాత్రల ఫారాలు, ఏది చేతికిచ్చినా పై గీత మీద కూతురి పేరు, కింద కుడి పక్క తన సంతకం. చెయ్యి తన దారిన తాను రాసుకుపోయింది. ఎడమ పక్క గడి ఖాళీగా ఉంటే, అది ఆఫీసు వాళ్లది కాబోలనుకుంది.

గుమాస్తా చెడ్డవాడేం కాదు. కొత్త ఫారం ఇచ్చాడు. నాలుగింటిలోపు ఇస్తే పేరు మారుస్తానన్నాడు. కాకపోతే విద్యార్థి సంతకంతో పాటు సంరక్షకుల సంతకం కూడా కావాలి, వాళ్లే వచ్చి పెట్టాలి.

"నాకు ముప్పై ఏడండీ. నాకు సంరక్షకులేంటి?"

"ఫారం వయసు అడగలేదమ్మా, సంతకం అడిగింది. మీవారు రాలేరా?"

"లారీ మీద పోయారు. ఎల్లుండి గానీ రారు."

ఇంటికి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. సంగతి విని పడీపడీ నవ్వింది. "నా పదో తరగతి కానివ్వమ్మా, అప్పుడే కాలేజీకి తోలేస్తావా?" అంది. తర్వాత, "నానమ్మ ఉందిగా" అంది.

"ఆవిడొద్దు" అనేలోపే కూతురు ఫోన్ పెట్టేసింది.

ఆమె బల్ల మీద కూర్చుని కొత్త ఫారం ముందు పెట్టుకుంది. ఎవరు విద్యార్థి, ఎవరు సంరక్షకులు? మానిపించిన మనిషే వచ్చి చదివిస్తానని సంతకం పెట్టాలా? అయినా చెయ్యి నిజంగా అలవాటు కొద్దీ రాసిందా, లేక చదవాల్సింది పిల్లే, నువ్వు కాదని మనసే రాయించిందా? ఆ నాలుగు పుస్తకాల ఆశ పిల్ల మీదే పెట్టుకుంటే పోయేది కదా. లేచి వెళ్లిపోదామని రెండుసార్లు చెప్పులు వేసుకుంది. రెండుసార్లూ విప్పింది.

మూడున్నరకు అత్తగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు, వెనక కూతురు. ఆవిడకు చదువు రాదు. తన పేరు నాలుగక్షరాలు రాయడం మనవరాలు నేర్పింది. ఎటూ చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్లి, "ఎక్కడ పెట్టాలి నాయనా?" అన్నారు. గుమాస్తా చూపించిన చోట కుడి పక్క గడిలో, నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి రాశారు.

"ఈవిడ మీకేమవుతారండీ?" అన్నాడు గుమాస్తా.

"కోడలు. అప్పుడు దీని చదువు మానిపించింది నేనే. అదీ రాసుకో."

"దానికి గడి లేదండీ" అన్నాడాయన, ఎటు చూడాలో తెలియక.

పెన్ను కోడలి చేతికి వచ్చింది. ఆమెకు కళ్లల్లో నీళ్లు నిండి గీతలు అలుక్కుపోయాయి. చెయ్యి మళ్లీ తిన్నగా కుడి పక్కకే, అత్తగారి సంతకం మీదికే పోయింది. అత్తగారు ఆ చేతిని పట్టుకుని ఆపారు.

"అది నాది. నీది ఎడమ పక్కది."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"చదువు మానమన్న రోజు నువ్వు చించేసిన కాలేజీ ఫారం ముక్కలు ఏరింది నేనే కదా. ఎడమ పక్కే రాసుంది, నీ చేత్తోనే. పెట్టు, నాలుగవుతోంది."

ఆమె ఎడమ పక్క సంతకం పెట్టింది.