చాపంత గడ్డి

హనుమమ్మ పామును పాము అనదు. మా వైపు గడ్డి కోసేవాళ్లెవరూ అనరు, పురుగు అంటారు. కొడవలి వేసే ముందు ఆమె గడ్డిని కర్రతో తట్టి కేక పెడుతుంది: "జరుగు తమ్ముడా, జరుగు! కొడవలి వస్తాంది!" లోపల గడ్డి కదిలాకే కోస్తుంది.

మా ఊరు కట్టంగూరుకు రెండు కోసుల దూరం. చెరువు తూము కింద ఆమెకు అరెకరం జాలు భూమి ఉంది. ఏడాది పొడుగునా ఊట. నాగలి దిగబడుతుంది, వరి కుళ్లుతుంది. దొర పట్నం పారిపోయిన ఏడు, కోటలాంటి ఆయన గడీ వెనక గుర్రాల కోసం పెంచిన నీటిగడ్డి ఒక కట్ట తెచ్చి, మూడేసి కణుపుల ముక్కలు చేసి, మడమతో బురదలోకి తొక్కింది. పక్కన తమ్ముడు ఐలేశం కూడా తొక్కాడు. గడ్డిని ఎవరన్నా నాటుతారా అని ఊరంతా నవ్విందట. మూడు నెలలకు గడ్డి మనిషిని దాటింది. నలభై రోజులకోసారి కోస్తే మళ్లీ లేస్తుంది. విత్తనం అడగదు, దున్నుడు అడగదు. మొగుడు పోయిన మనిషి, రెండు బర్రెలతో దాని మీదే బతికింది.

ఐలేశం దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడు. పోలీసు యాక్షన్ అయ్యాక దొర తిరిగొచ్చాడు, సంఘపోళ్ల వేట మొదలైంది. మరుసటేడు ఒక పొద్దున ఐలేశం ఉరికొచ్చి గడ్డిలోకి దూరడం హనుమమ్మ కళ్లారా చూసింది. గంట కాకముందే ఆరుగురు సిపాయిలు చెరువు కట్ట మీదికి వచ్చారు. వాళ్ల మాట తెలుగులో చెప్పడానికి పటేలు కింద పనిచేసే మస్కూరి గుర్వయ్యను వెంట తెచ్చుకున్నారు.

"మొత్తం కొయ్యమంటున్నరే హనుమమ్మా. ఒక్క పోచ నిలవడొద్దంట."

"కొయ్యనీకె నేనొక్కదాన్ని. గంత తొందరైతే వాళ్లనే దిగమను."

"నీ నోరే నిన్ను తింటది. కొయ్యి."

అంచు నుంచి మొదలుపెట్టింది. ప్రతి పట్టుకూ కేక, "జరుగు తమ్ముడా!" ప్రతి కేకకూ గడ్డిలో కదలిక లోలోపలికి జరిగేది. ఆమె నిజంగానే తమ్ముణ్ని పిలుస్తోందని సిపాయిలకేం తెలుసు.

"ఎవరితోటి ముచ్చట?" అన్నాడు గుర్వయ్య.

"పురుగుతోటి."

గుర్వయ్య ఆమె ముఖం చూశాడు.

పొద్దు వాలేసరికి నడుమ చాపంత గడ్డి మిగిలింది. చుట్టూ మోళ్లు, నీళ్లు. పిల్లి దాటినా కనిపిస్తుంది. ఆమె కేక పెట్టింది. గడ్డి కదిలింది. ఇంక ఎటు జరుగుతాడు? కొడవలి దించేసింది.

"గుడ్ల మీదున్నది. గుడ్ల మీదున్న పురుగును కదిలియ్యద్దు. నేను కొయ్య."

గుర్వయ్య ఉర్దూలో పాము అన్నాడు, గుడ్లు అన్నాడు, పగబడితే ఊరి పొలిమేర దాటనియ్యదని ఆమె అనని మాటలూ కలిపాడు. ఒక సిపాయి మోకాలిలోతు దిగి, ఆగి, అక్కడి నుంచే తుపాకి పేల్చాడు. గడ్డి కదల్లేదు. అరుపు లేదు. ఇద్దరిని కట్ట మీద కాపలా ఉంచి మిగతావాళ్లు పోయారు.

మూడో రోజు కాపలా ఎత్తేశాక ఆమె దిగింది. కాకి వాలలేదు, వాసన లేదు. బురదలో తన అడుగులు, సిపాయి అడుగులు, అంతే. గడ్డిలోంచి బయటికి పోయిన అడుగు ఒక్కటీ లేదు. "తమ్ముడా" అంది. గడ్డి కదిలింది. చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది, ఏమీ తగల్లేదు. చెయ్యి తీసేసుకుంది.

పదహారేళ్లయింది. ఐలేశం రాలేదు, చచ్చాడన్న కబురూ రాలేదు. ఎప్పుడు కోసినా ఆమె ఆ చాపంత వదిలేస్తుంది. కోయని నీటిగడ్డి వాలుతుంది, వాలిన చోటల్లా వేరు పట్టి మళ్లీ లేస్తుంది. ఇప్పుడది గుడిసెంత. గాలి లేని మధ్యాహ్నం కూడా మెసులుతుంది. బర్రెలు దానికి మూతి పెట్టవు.

మొన్న నేనే అడిగాను. "పెద్దమ్మా, కొడవలి ఇటియ్యి. అద్దగంటల తేలుస్త. పందికొక్కులుంటయి గంతే."

"కాలేజి సగంల ఇడిసినోనివి, గిదన్న పూర్తి చేస్తవా?" అని నవ్వింది. కొడవలి ఇచ్చింది కూడా. దగ్గరికి పోయాను. గడ్డి ఊపిరి బిగబట్టినట్టు నిలబడింది. కేక పెట్టబోయి, కొడవలి దించాను.

"కోస్తే తెలుస్తది బిడ్డా," అంది వెనక నుంచి. "గిప్పటిదాక వాడు యాడనో ఒక కాడ ఉన్నడు. నువ్వు కోసినంక యాడుంటడు?"

కొడవలి తిరిగిచ్చాను. గడ్డి మోపు తన నెత్తికెత్తమంది. ఎత్తాను.