పోయొస్త అనని అక్క

మా టీంలోని ఆ అక్కకు కూర్చుంటే కాలు నిలిచేది కాదు. సాయంత్రం మేమంతా “పోయొస్తం” అని ఆఫీసు నుంచి కదిలితే, ఆమె మాత్రం “పోతున్న” అనేది. పెరూ మంచు కొండల్లోనూ, ఆవలి అడవిలోనూ ఒంటరిగా తిరగాలని వీపున బరువైన సంచితో రోజూ మెట్లెక్కి సాధన చేసేది.

బయలుదేరే రోజు సాగనంపడానికి మణికొండలో వాళ్ళింటికి వెళ్ళాను. కింద క్యాబ్ ఆగి ఉంది. వాళ్ళమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“టూరోళ్ళతోని పోతే పప్పన్నమన్న పెడుదురు. పోనీ, పోయొస్త అను బిడ్డా.”

“ఆ కొండలల్ల ఏమైతదో నాకేమెరుక? తెల్వని దానికి మాటెట్ల ఇయ్యాలమ్మా?”

“నువ్వన్న చెప్పు నాయినా,” అని ఆమె నా వైపు తిరిగింది. రుజువు లేని మాటను అంగీకరించకూడదని కాలేజీ డిబేట్ పోటీల్లో నేర్చుకున్నవాణ్ణి. న్యాయం అక్క వైపే ఉందనిపించింది. అయినా ఆ తల్లి ముఖం చూసి, “కింద క్యాబ్ ఆగి ఉంది” అని మాత్రం అన్నాను.

చివరికి ఆమే పక్కకు తప్పుకుంది.

“సరే, పో.”

‘పోయి రా’ అనే అలవాటున్న నోట ‘రా’ లేకుండా వచ్చిన మాట అది. అక్క కోరిన అనుమతి దొరికింది. గడప దాటడానికి మాత్రం ఆమెకు కాళ్ళు రాలేదు.