అన్నయ్య లారీకి చేతి బ్రేకు

అన్నయ్య మన్నెం జ్వరంతో పోయి వారం కూడా తిరగకుండానే లారీ సొంతదారు షావుకారు పంపిన మనిషి గుర్రం మీద కొండమీది డుంబ్రిగుడ వచ్చాడు. మా పాక ముందు దిగి, గుమ్మంలో కూర్చున్న వదినకి దండం పెట్టి, నన్ను పక్కకి పిలిచాడు. వానలు దగ్గర పడ్డాయనీ, ఘాటీ రోడ్డు తెగిపోకముందే లారీని శృంగవరపుకోట దించేయాలనీ చెప్పాడు.

"ఇస్తళ్ళ అడ్డాకు కట్టలు ఎక్కించీసి బేగి బయల్దేరీ. ఆవిణ్ణి కూడా పుట్టింట్లో దింపీసినట్టవుద్ది," అన్నాడు.

సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా సరేననేవాణ్ణి. పెట్టింది తినేవాణ్ణి. పడుకోమంటే పడుకునేవాణ్ణి. అన్నయ్యని కొండ వాలులో దహనం చేసినప్పుడు కట్టెలు మోసినవాళ్ళు ఆ ఊరి గిరిజనులే. వాళ్ళలో ఒక ముసలమ్మ పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. వదినా నేనూ చెరో గిన్నె తాగి, ఎవరి గిన్నె వాళ్ళం కడుక్కునేవాళ్ళం. ఇద్దరమూ ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో నాకు తెలీదు.

బయల్దేరడానికి ఒక్కటే అడ్డు. లారీకి చేతి బ్రేకు పట్టడం లేదు.

ఆ లారీ పెద్ద యుద్ధంలో తిరిగి తిరిగి, తరవాత వేలంలో షావుకారు చేతికొచ్చింది. దాని కాలి బ్రేకు కాసేపు తొక్కితే వేడెక్కి జారిపోయేది. వెనక చక్రాలని నిజంగా పట్టుకునేది చేతి బ్రేకే. డ్రైవరు కుడి పక్కన నిలువుగా ఒక ఇనపకడ్డీ, దాని కింద రంపంలా పళ్ళున్న ఇనప బద్ద. కడ్డీ వెనక్కి లాగితే నాలుకలాంటి ఇనప ముక్క ఆ పళ్ళలో పడి టక్కున బిగుసుకోవాలి. అన్నయ్య మంచం పట్టక ముందు నుంచే అది బిగుసుకోవడం మానేసింది. బండి ఆపినప్పుడల్లా చక్రాల కింద రాళ్ళు పెట్టేవాళ్ళం. డుంబ్రిగుడలో అయితే రాళ్ళతో సరిపోయేది. ఘాటీలో సరిపోదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు చక్రాలకీ రాళ్ళు అడ్డం పెట్టి కిందకి దూరాను. బండి నడపడం, విప్పడం, బిగించడం అన్నీ అన్నయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఆయన పెద్ద డ్రైవరు, నేను రెండో డ్రైవర్ని. ఒక్కణ్ణే విప్పడం అదే మొదటిసారి.

కాసేపటికి వదిన కాళ్ళు కనిపించాయి.

"ఏటి సేత్తన్నావు మరిదీ?"

"సేతి బ్రేకు విప్పుతన్నాను వదినా."

"నానేటైనా సెయ్యాలా?"

"పైకెక్కి కూకో. లాగమన్నప్పుడు ఆ కడ్డీ లాగు."

ఆవిడ ఎక్కి అన్నయ్య సీటులో కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ అందులో కూర్చోలేదు. నేను లాగమంటే లాగింది, వదలమంటే వదిలింది. కింద నుంచి నాకు ఆవిడ పాదాలు మాత్రమే కనిపించేవి. కాళ్ళకి మెట్టెలు ఇంకా ఉన్నాయి. అవి తీయించే పెద్దవాళ్ళు ఆ కొండల్లో ఎవరూ లేరు.

నాలుక అరిగిపోయి పళ్ళ మీద జారుతోంది. దాన్ని ఊడదీసి ఆకురాయితో మళ్ళీ అంచు తీశాను. కడ్డీని చక్రాల బ్రేకులకి కలిపే ఇనప ఊచ సాగిపోతే దాన్ని మరలు తిప్పి పొట్టి చేశాను. వెనక చక్రాలు విప్పాక అసలు సంగతి తెలిసింది. డ్రమ్ము లోపల ఇరుసు నూనె కారి, డ్రమ్ముని ఒరిసి ఆపే బ్రేకు దిమ్మల మీది పట్టీ నాని మెత్తటి ముద్దైపోయింది. నూనె కారే చోట దారం చుట్టి మైనం పూశాను. పెట్రోలుతో డ్రమ్ములు తుడిచాను. కొత్త పట్టీ మాత్రం నా దగ్గర లేదు.

"ఇప్పుడేటి కావాలి?" అంది వదిన.

"దళసరి తోలు కావాలి. పట్నంలో అయితే దొరుకుద్ది."

ఆవిడ పాకలోకి వెళ్ళి అన్నయ్య నడుముకి పెట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు తెచ్చింది.

"ఇది సాలుద్దేటి?"

"అన్నయ్యది కదా."

"ఎవలదో నాకు తెల్దేటి? సాలుద్దో లేదో సెప్పు."

దిమ్మ మీద పెట్టి చూశాను. సరిపోతుంది. జ్వరంలో నడుము సన్నబడిపోతే అన్నయ్య మేకుతో పొడుచుకున్న కొత్త కన్నం ఒకటి ఉంది దానికి. ఆ ముక్క కోసి పక్కన పడేశాను. కన్నం ఉన్నచోట తోలు చిరుగుతుంది, అందుకే. వదిన తోలు ముక్క అదిమి పట్టుకుంటే నేను రాగి మేకులు కొట్టాను. మధ్యాహ్నం దాటేసరికి చక్రాలు ఎక్కించాం.

సంతబయలు పక్కన ఏటవాలుంది. బండిని అక్కడికి తీసుకెళ్ళి, చేతి బ్రేకు లాగి, వదినని సీట్లో ఉంచి, ఒక్కొక్క రాయే తీశాను. ఆఖరి రాయి తీశాక కొంచెం దూరంగా నిలబడ్డాను. లారీ కిర్రుమంది కానీ కదల్లేదు.

"ఆగిందేటి?" పైనుంచి అడిగింది.

"ఆగింది."

"అయితే దిగిపోనా?"

"దిగిపో."

మర్నాడు అడ్డాకు కట్టలు ఎక్కించి బయల్దేరాం. ముసలమ్మ రోడ్డు దాకా వచ్చి, వదిన బుగ్గ నిమిరి, వాళ్ళ భాషలో ఏదో అంది. మాకు అర్థం కాలేదు. అనంతగిరి దాటాక దిగుడు మొదలైంది. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎడ్లబళ్ళు. ముందు బండి ఎద్దు ఒకటి రోడ్డు మధ్యలో కూలబడిపోయింది. నా ఎడంపక్క లోయ. కడ్డీ బలమంతా పెట్టి లాగాను. లారీ కొంచెం జారింది, తోలు కాలుతున్న కమురు వాసన వచ్చింది, నాలుక టక్కున పళ్ళలో పడింది. బండి ఆగింది.

ఎద్దు లేవడానికి చాలా సేపు పట్టింది. అంతసేపూ నేను కడ్డీ వదల్లేదు.

"నీ సెయ్యి తెల్లగా పాలిపోనాది," అంది వదిన. వంగి తన రెండు చేతులూ నా చేతి మీద వేసి పట్టుకుంది. అలాగే కూర్చున్నాం. బళ్ళవాళ్ళు దారి ఇచ్చాక ఆవిడ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దు గూకకముందే కింద శృంగవరపుకోట చేరాం. వదిన పుట్టింటి వీధిలో బండి ఆగగానే ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి వదినని పట్టుకుని శోకాలు పెట్టారు. ఆవిడ వాళ్ళ మధ్య పొడి కళ్ళతో నిలబడింది. నాకు అరుగు మీద ఆకేసి అన్నం పెట్టారు. తిన్నాను. రుచి గుర్తు లేదు.

షావుకారు పట్నం నుంచి కొత్త పట్టీలు తెప్పించి వేయించాడు. నడపడానికి లారీ నాకే ఇచ్చాడు. కొన్నాళ్ళకి వదినకి మారుమనువు చేశారు. మంచివాడే, సేద్యం ఉంది.

వానలు వెనకపట్టాక మళ్ళీ డుంబ్రిగుడ వెళ్ళాను. సంతలో ఒక కొండమనిషి ఆనపకాయ బుర్ర పట్టుకుని లారీ దగ్గరికి వచ్చాడు. దూరపు ఊరివాడు, అన్నయ్య సంగతి అతనికి తెలీదు.

"పెద్దాడు రాలేదా? తేనె అడిగాడు," అన్నాడు.

"రాలేదు," అన్నాను.

"నువ్వు అతనికి ఇయ్యి," అని బుర్ర నా చేతిలో పెట్టాడు.

చెప్పాలని నోరు తెరిచాను. ఇస్తానని తల ఊపి, బుర్ర సీటు కింద ఒరిగిపోకుండా గుడ్డ చుట్టి పెట్టాను. తరవాత బండి వెనక్కి వెళ్ళి, కట్టలు ఎక్కిస్తున్నవాళ్ళకి కనపడకుండా, చాలాసేపు కూర్చుండిపోయాను.