మామయ్య రేడియోకు ఒక్క ప్యాకెట్

మా అమ్మ చదువుకున్న బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టిన రేడియో మోడెం ఒకటి కనబడింది. చూడగానే నాంపల్లిలో మా మేనమామ గది గుర్తొచ్చి, కొనవలసిన పుస్తకం పేరే మరిచిపోయాను.

మన కుర్రతనంలో, ఇంట్లో ఫోనుండడమే గొప్పయిన రోజుల్లో, మా మామయ్య లైసెన్సు తీసుకుని సరదాకు గాలిలో కబుర్లాడే హ్యామ్ రేడియో మనిషి. ఆయన టైపు చేసిన మాట అలాంటి మోడెం పెట్టెలో చిన్న చప్పుడై, గాలిలో పోయి, ఊరి అవతల ఇంకొకరి కంప్యూటర్ తెర మీద మళ్లీ అక్షరాలయ్యేది. దాన్నే ప్యాకెట్ అనేవారు. సాయంత్రమైతే ఆ గది పోపులో ఆవాలు పడ్డట్టు చిటపటలాడేది. బిర్యానీ తిని పంపిన ప్యాకెట్‌కూ, పస్తుండి పంపినదానికీ చప్పుడులోనే తేడా తెలుస్తుందనేవాడు. నేను నమ్మాను.

తర్వాత ఆయనకు చెవులు పోయాయి, రేడియో మూలపడింది. పోయినేడు అత్తయ్య ఆ సామానంతా తుక్కువాడికి వేస్తానని పట్టుబడితే, ఆయన ఒకే షరతు పెట్టాడు: "గాలిల ఇంకా ఎవరన్న ఉన్నరా చూస్త. ఒక్క ప్యాకెట్ వస్తే ఉంచుకుంట, లేకుంటే అన్నీ తీసెయ్." చెవులు లేకపోతేనేం, ప్యాకెట్ కళ్లతో చదివేదే కదా అని నేను రంగంలోకి దిగాను.

రేడియో సిగ్నల్ పట్టే వేలెడంత డాంగిల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కు పెట్టాను. పాత పెట్టె చేసే పని చాలావరకు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తుంది. బేగం బజార్‌లో కొన్న స్టీలు కొలత టేపును ముక్కలు కోసి, పైపుకు బిగించి, డాబా మీద యాంటెన్నాగా నిలబెట్టాను. దాని మీద వాలిన పావురం సిగ్నల్ ఎటుందో ముక్కుతో చూపించింది, ఒట్టు. యాంటెన్నా ఎఫ్ఎం స్టేషన్లన్నీ చక్కగా పట్టింది కాబట్టి తప్పు మా పరికరంలో లేదు. ప్యాకెట్లు రావలసిన చోట మాత్రం తెర మీద ఉత్త గాలి రొద నీలం జల్లులా జారుతూనే ఉంది, అక్షరం లేదు.

"ఏంది అల్లుడా, పెండ్లిచూపులకు కూసున్నట్టు కూసున్నరిద్దరు? పిల్ల వస్తదా, రాదా?" అని అత్తయ్య.

ఏమంటుందని మామయ్య సైగ చేశాడు. చాయ్ తాగమంటుందని నేనూ సైగ చేశాను. "జర ఆగుమను, ఇప్పుడే వచ్చెటట్టుంది," అన్నాడు వీధంతా వినబడేలా.

పొద్దువాలే వేళ తెర మీద ఒక్క వరుస పడింది. పాత మిత్రుడి కాల్‌సైన్, అంటే రేడియోలో ఆయన్ను గుర్తుపట్టే అక్షరాలు, పక్కన "ఉన్నవా?" అని. మామయ్య దాన్ని వేలితో తాకి చూశాడు. అత్తయ్య తుక్కువాణ్ణి గుమ్మం నుంచే పంపించేసింది.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ మెసేజీల వానే. కానీ ఫలానావాళ్లకని కాకుండా, వినేవాళ్లెవరో ఉండే ఉంటారన్న నమ్మకంతో గాలిలోకి మాట వదిలేవాళ్లు మా నాంపల్లిలో ఇక లేరు.

సరే, ఒప్పుకుంటున్నాను. పావురాన్ని కావాలంటే నమ్మండి, తెర మీద పడ్డ ఆ వరుస మాత్రం నా కల్పన. ఏ ప్యాకెట్టూ రాలేదు. మామయ్యే ల్యాప్‌టాప్ మూసి, "అందరు మంచిగనే ఉంటరు తీ, నాతోని పనిలేదంతె," అన్నాడు. తుక్కువాడికి ఇచ్చే ముందు ప్రతి తీగనూ దుమ్ము తుడిచి, మళ్లీ వాడేవాళ్లెవరో ఉన్నట్టు, చిక్కుపడకుండా చుట్టలు చుట్టి పెట్టాడు.