ముప్పై రెండో చెయ్యి

గురుస్వామి కట్టు కడితే ఎముక అతకకుండా పోదని మార్కాపురం పడమటి ఊళ్ళలో పెద్ద పేరు. ఆ పేరు ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు గానీ, వచ్చాక మాత్రం వద్దనలేదు. ఎవరైనా పొగిడితే "అంతా మల్లన్న దయ" అని తల వంచుకునేవాడు. తల వంగేది కానీ మీసం కింద నవ్వు దాగేది కాదు.

పుట్టింది గొర్రెల కాపరుల ఇంట్లో. ఎముకలు కట్టడం నేర్చిందీ గొర్రెల దగ్గరే. నల్లమల చరియల్లో రాళ్ళ సందున కాలు ఇరుక్కుని విరిగిన గొర్రెను భుజాన వేసుకొచ్చి, ఎముకను సరిచేసి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి కట్టేవాడు. కట్టుగుడ్డకు కోడిగుడ్డు తెల్లసొనలో కలిపిన మినప్పిండి పూస్తారు. ఆ పిండి ఆరేకొద్దీ కొయ్యలా గట్టిపడి బిగుసుకుంటుంది. తొమ్మిది పొద్దుల దాకా ఆ కట్టు ముట్టకూడదు. అది వాళ్ళ నాయన చెప్పిన మాట, ఆయనకు వాళ్ళ నాయన చెప్పిన మాట. పలకల గనుల్లో బండ మీదపడి ఎముక విరిగినవాళ్ళూ, బండి మీంచి జారినవాళ్ళూ గుమ్మంలోకి రావడం మొదలయ్యాక, గొర్రెకు చేసిందే మనిషికీ చేశాడు. గొర్రె నోరు లేని జీవి. కాలు తిమ్మిరెక్కిందని చెప్పదు. మనిషి చెబుతాడు. ఈ తేడా ఆ ఇంట్లో మూడు తరాలుగా ఒక్కరికీ తట్టలేదు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరంలో, మార్కాపురం దారిలో ఉన్న ఒక చిన్న మిషను ఆసుపత్రికి రాహేలమ్మ అనే డాక్టరమ్మ వచ్చింది. మద్రాసులో చదువుకున్న మనిషి. ఏ మాటనైనా లెక్క తీసి చూస్తే గాని నమ్మని స్వభావం. నాటుకట్లు కట్టేవాళ్ళను డాక్టర్లు తిట్టడం లోకంలో ఉన్నదే. ఈమె తిట్టలేదు. కాంపౌండరు ఇశ్రాయేలును వెంటబెట్టుకుని రెండు మైళ్ళు నడిచి గురుస్వామి ఇంటికే వచ్చింది.

"పెద్దాయనా, నీ వెదురు కట్టు మంచిదా, మా సున్నపు కట్టు మంచిదా, నాకు తెలుసుకోవాలనుంది," అన్నది. "రెండేండ్లు చూద్దాం. ముంజేయి విరిగి నీ దగ్గరికి వచ్చినోళ్ళను ఆరు వారాలు కాంగానే మా దగ్గరికి పంపించు. మేము కట్టినోళ్ళను కూడా అట్లనే చూస్తాం. పిడికిలి పడుతుందా, మణికట్టు తిరుగుతుందా, నిండు బిందె ఎత్తగలరా. చూసేది ఇంతే."

"అందర్నీ పంపాలనా అమ్మా?"

"అందర్నీ. బాగైనోళ్ళనూ, కానోళ్ళనూ."

"నా చేతిలో కానోళ్ళు ఉండరులే అమ్మా," అన్నాడు గురుస్వామి. పక్కన ఉన్న ఇశ్రాయేలు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

ఒప్పుకున్న మాట ప్రకారం పంపించాడు కూడా. నెలకోసారి ఇశ్రాయేలు సైకిలు మీద వచ్చి కొత్తగా కట్టిన వాళ్ళ పేరూ ఊరూ రాసుకుపోయేవాడు. ఆరు వారాలకు వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి పిడికిలి పట్టి చూపించి, బిందె ఎత్తి చూపించి, వచ్చి గురుస్వామికి సంగతి చెప్పేవాళ్ళు. మీసం కింద నవ్వు ఆ రోజుల్లో బాగా ముదిరింది.

రెండో ఏడు వేరుశనక్కాయ పీకే రోజుల్లో పక్క ఊరి కోటమ్మ తన కూతురు శ్రీశైలమ్మను తీసుకొచ్చింది. కోటమ్మదీ గొర్రెల కుటుంబమే. గురుస్వామి ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఆమెకు కొంచెం చెవుడు, కాస్త గట్టిగా చెబితేనే వినిపించేది. పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయి. మేత మోపుతో గట్టు దిగుతూ పడింది. కుడి ముంజేయి రెండు ఎముకలూ విరిగాయి. అప్పటికే చెయ్యి బాగా వాచింది. వాపు మీదనే గురుస్వామి కట్టు బిగించాడు. ఎప్పుడూ చేసేది అంతే.

మర్నాడు పొద్దున్నే కోటమ్మ మళ్ళీ వచ్చింది. "తమ్ముడూ, పిల్ల రాత్రంతా ఏడ్చింది. వేళ్ళు నల్లగా కమిలినట్ల ఉన్నాయి. కొంచెం వదులు చెయ్యగూడదా?"

"వదులు చేస్తే ఎముక పక్కకు పోతాది అక్కా. నొప్పి అంటే అతుక్కుంటాండాదని గురుతు. ఓర్చుకోమను."

మూడో రోజు పిల్లే వచ్చింది. ఎడమ చేత్తో కుడి చేతిని బిడ్డను మోసినట్టు మోసుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర కూలబడి, "మామా, విప్పు మామా, నీ కాళ్ళు మొక్కుతా" అన్నది. గురుస్వామి విప్పలేదు. నాలుగో రోజు నొప్పి పోయిందని కబురు వచ్చింది. ఆయన సంతోషించాడు. ఆ నాలుగో రోజు సంతోషం గుర్తొస్తే ఆ తర్వాత ఎన్నాళ్ళకైనా ఆయనకు అన్నం సహించేది కాదు.

తొమ్మిదో పొద్దున కట్టు విప్పాడు. ఎముక చక్కగా పట్టుకుంది. చెయ్యి మాత్రం చల్లగా, పాలిపోయి, బొబ్బలెక్కి ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, లాగినా రాలేదు. గిల్లితే తెలియలేదు. కోటమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ క్షణాన గురుస్వామికి అంతా తెలిసిపోయింది. తెలిసే, అడిగాడు.

"ఏం పెట్టినావు అక్కా పిల్లకు?"

కోటమ్మ రెండు చేతులూ జోడించింది. "గంజే పోసినాను తమ్ముడూ. పుల్లంది పెట్టొద్దంటివి గదా, పెట్టలా. ఒక్క పూట... నోరు చచ్చిపోయింది, ముద్ద మింగడంలేదని ఇంత చింతకాయ పచ్చడి నాలిక్కి రాసినా."

"పులుపు తిన్నాక ఇంకేముంది అక్కా," అన్నాడు గురుస్వామి.

అన్నది అంతే, ఒక్క ముక్క. తల్లి నెత్తి కొట్టుకుంటూ కూతుర్ని నడిపించుకుని పోయింది. ఆయన వాకిట్లోనే కూర్చుండిపోయాడు. ఆ నెల ఇశ్రాయేలు వచ్చి కొత్తవాళ్ళెవరని అడిగితే, ఈ నెల ఎవరూ రాలేదన్నాడు.

మనిషి మంచివాడే, అబద్ధం ఆడటం సరిగా చేతకానివాడు. అందుకే అది ఆయన్ను తింటూ వచ్చింది. ఆ తర్వాత ఏ చెయ్యి కట్టినా మూడో రోజే వాళ్ళింటికి వెళ్ళి, గోళ్ళు నొక్కి చూసి, చల్లగా ఉంటే కట్టు విప్పి వదులుగా కట్టి వచ్చేవాడు. ఈ సంగతీ ఇశ్రాయేలుకు చెప్పలేదు. చెబితే ఎందుకు మార్చినావని అడుగుతాడు. ఆసుపత్రి పుస్తకంలో మాత్రం తొమ్మిది పొద్దులు ముట్టని కట్టు అనే పడుతూ వచ్చింది. ఎదురుగా శ్రీశైలమ్మ వస్తుంటే ఆయన గొర్రెలను పక్క దారికి మళ్ళించేవాడు. మరుసటి ఎండాకాలం కోటమ్మ చచ్చిపోయిందని తెలిసిన రోజున, మంద దూరం పోయిందని చెప్పి మట్టి వెయ్యడానికి కూడా పోలేదు.

రెండేళ్ళు నిండాయి. డాక్టరమ్మ కబురు పెడితే గురుస్వామి తలగుడ్డ చుట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. వరండాలో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. గిద్దలూరు, దర్శి, చంద్రశేఖరపురం వైపు నుంచి వచ్చిన కాంపౌండర్లు, మంత్రసానులు. వాళ్ళకు ఆయన చేత కట్టు నేర్పించాలని ఆమె ఉద్దేశం. బల్ల మీద వెదురు బద్దలు, మినప్పిండి అన్నీ సిద్ధంగా పెట్టించింది.

"మా సున్నపు కట్టు కట్టిన ఇరవై ఎనిమిది చేతుల్లో నాలుగు బిగుసుకుపోయినాయి," అని వాళ్ళకు చెప్పింది. "ఈ పెద్దాయన కట్టిన ముప్పై ఒక్క చేతుల్లో ఒక్కటీ చెడలేదు. నాకు నామోషీ అయినా ఉన్నది ఉన్నట్టే రాసినాను. రేపటి టపాలో మద్రాసు పోతుంది. డాక్టర్ల పత్రికలో వేస్తారు."

గురుస్వామి బద్దలు సవరిస్తున్నాడు. సవరించిన బద్దలనే మళ్ళీ సవరించాడు.

గిద్దలూరు నుంచి వచ్చిన మస్తానమ్మ అనే మంత్రసాని లేచి నిలబడింది. "తాతా, ఒక మాట. కట్టిన రెండో దినానికి మనిషి నొప్పని ఏడ్చి, వేళ్ళు చల్లబడితే ఏం చెయ్యాల? విప్పాల్నా, వద్దా?"

ఎనిమిది మంది ఆయన వైపు చూశారు. ఒక్కొక్కరి వెనకా ఎన్ని ఊళ్ళు, ఆ ఊళ్ళలో ఎన్ని చేతులు! వద్దు అంటే సరిపోయేది. మూడు తరాలుగా చెబుతున్న మాటే. పేరు నిలబడేది. పత్రికకు కూడా ఎక్కేది.

"విప్పాల," అన్నాడు గురుస్వామి. "ఆ గడియనే విప్పాల తల్లీ."

డాక్టరమ్మ కలం ఆగింది. "తొమ్మిది పొద్దులు ముట్టగూడదంటివి గదా?"

"అంటి. ముప్పై రెండో చెయ్యి ఒకటి ఉండాది అమ్మా. నేనే మీకు చెప్పలా."

నిలబడే అంతా చెప్పాడు. వాపు మీద కట్టిన కట్టు, కాళ్ళు మొక్కిన పిల్ల, చింతకాయ పచ్చడి, ఆ తర్వాత దొంగచాటుగా విప్పి కట్టిన కట్లు, ఏదీ మిగల్చలేదు. డాక్టరమ్మ ముందున్న కాగితాలను తిరగేసి పెట్టింది.

"అయితే ఈ ముప్పై ఒకటీ దేనికి పనికొస్తాయి పెద్దాయనా? నీకు మంచి చేతులు పంపించడం వచ్చని తెలిసింది, అంతేగా." ఆమె గొంతు కోపంతో సన్నబడింది. కాసేపటికి తనకు తానే చెప్పుకున్నట్టు అన్నది. "నాదీ తప్పే. వచ్చినోళ్ళనే లెక్కపెట్టినా. రానోళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఊళ్ళోకి మనిషిని పంపించలా."

ఇశ్రాయేలు పుస్తకం తెచ్చాడు. పేరూ ఊరూ రాసుకుని, "ఎందువల్ల చెడిందని రాయాల తాతా?" అన్నాడు.

"నా కట్టు వల్ల అని రాయి."

రాశాడు. అది రాస్తే గుండె మీది బరువు దిగుతుందనుకున్నాడు గురుస్వామి. దిగలేదు.

"ఆ పిల్లకు చెప్పినావా ఈ మాట?" అన్నది డాక్టరమ్మ.

లేదని తల ఊపాడు.

"మరి మాకు చెప్తే ఏమొస్తుంది? పోయి తీసుకురా. ఆ వేళ్ళు మునుపటి మాదిరి కావు. రోజూ సాగదీయిస్తే చెంబు పట్టుకునేంత వరకన్నా వస్తాయేమో చూస్తాను. రేపటి టపాలో ఈ కాగితాలు పోవులే."

ఆసుపత్రి నుంచి శ్రీశైలమ్మ ఊరు మూడు మైళ్ళు. అంత దూరం ఆయన జీవితంలో ఎన్నడూ నడవలేదనిపించింది. శ్రీశైలమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కాయను పళ్ళతో కొరికి, ఎడమ చేత్తో గింజ తీసి చాటలో వేస్తోంది. కుడి చెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. ఆయన్ను చూసి లేవబోయింది.

"కూర్చో బిడ్డా. నేను నిలబడే చెప్పాల్సిన మాట ఇది," అన్నాడు. "నీ చెయ్యి పోయింది పచ్చడి వల్ల కాదు. ఆ పొద్దే నాకు తెలుసు. నా కట్టు బిగువుకే పోయింది. నువ్వు విప్పమన్నప్పుడు విప్పింటే ఉండేది. నా పేరు పోతాదని మీ అమ్మ మీదికి తోసినా."

శ్రీశైలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని గురుస్వామి ఆశగా చూశాడు. ఆమె నోట్లో ఉన్న పొట్టు పక్కకు ఊసింది.

"మా యమ్మ పోయే ముందు నాలుగు దినాలు ముద్ద ముట్టలా మామా," అన్నది. "నోటి దగ్గరికి తీసుకుపోతే మొగం తిప్పుకునేది. నా బిడ్డ చెయ్యి తిన్న చెయ్యి నాది, నాకెందుకే కూడు అనేది. పచ్చడి కుండ ఆ ఏడే పగలగొట్టింది. మళ్ళా మా ఇంట్లో చింతకాయ దంచలా."

గురుస్వామి ఆమె ఒళ్ళోని ముడుచుకున్న వేళ్ళ వైపు చూశాడు.

"డాక్టరమ్మ నిన్ను తీసుకురమ్మన్నది బిడ్డా. కొంచెం నయమైతాదంట."

"వస్తాలే. ముందు నువ్వు నాతో రా."

ముందు ఆమె నడిచింది. ఆయన వెనక నడిచాడు. చేను గట్టు చివర, తుమ్మచెట్టు పక్కన, రాళ్ళు పేర్చిన మట్టిదిబ్బ దగ్గర ఆమె ఆగింది. ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. గురుస్వామి తలగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు. "నీ పచ్చడి వల్ల కాదు అక్కా. నా కట్టు వల్ల."

గాలి లేదు. దూరంగా ఎవరో గొర్రెలను అదిలిస్తున్నారు. వెనక నుంచి శ్రీశైలమ్మ గొంతు నెమ్మదిగా వినిపించింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు మామా. మా యమ్మకు చెవుడు."

గురుస్వామి గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.