కళ్లు పడవలో

బాబాయి నోట పడవ మాట తప్ప మరో మాట వచ్చేది కాదు. పోటీ పడవలో చుక్కాని పట్టి కేకలేసే కాక్స్ ఆయన. ఇంటికొచ్చినా కాక్సే. బస్సులో ముందు సీటు ఆయనకు 'బో', అంటే పడవ ముక్కు. కూరలో ఉప్పెక్కువైతే "పీత పట్టింది" అనేవాడు. తెడ్డు నీళ్లలో ఇరుక్కుంటే తెడ్లవాళ్లు అనే మాట అది. పక్కచూపు చూసినవాడికల్లా ఒకటే ఆజ్ఞ: "కళ్లు పడవలో." పళ్ల డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తే, తెరిచిన నోటితోనే ఆ ముక్క అన్నాడట.

"కళ్లు కంచంలో పెట్టుకుని తినండి ముందు," అనేది పిన్ని.

"కంచమూ పడవేనే."

అన్న కొడుక్కి మాత్రం నవ్వొచ్చేది కాదు. చదువైపోయి ఏళ్లయినా ఉద్యోగం లేదు. ఏం చేస్తున్నావని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. మిగిలింది నలుగురి పడవలో స్ట్రోక్ సీటు. కాక్స్‌కు ఎదురుగా కూర్చుని మిగతా ముగ్గురికీ లయ ఇవ్వాలి. నిరుడు పోటీలో సగం దారిలోనే తెడ్డు వదిలేశాడు. ఈసారి గీత దాటకపోతే జట్టు రద్దని క్లబ్బు చెప్పేసింది.

పోటీ రోజు నీళ్ల మీద దట్టంగా పొగమంచు. బయల్దేరగానే అతని తెడ్డుకు పీత పట్టింది. పిడి పొట్టలో పొడిచి వెల్లకిలా పడేసింది. లేచి కూర్చునేసరికి పక్కన ఒక్క పడవా లేదు, చుట్టూ నీళ్లే.

"అయిపోయింది బాబాయ్. నేను దేనికీ పనికిరాను."

"వెనక ఎవడైనా కనిపిస్తున్నాడా?"

తెడ్లేసేవాళ్ల వీపు గమ్యం వైపు, ముఖం వచ్చిన దారి వైపు. అతను చూశాడు. "ఎవరూ లేరు."

"మరింకేం. లాగు."

"అంటే మనమే..."

"కళ్లు పడవలో. ముందేముందో చూడ్డం నా పని."

నమ్మలేదు గానీ, నమ్మాలనిపించింది. లాగాడు. ముగ్గురూ అందుకున్నారు. అరచేతులు చిట్లాయి. తల తిప్పబోయినప్పుడల్లా అదే కేక. చివరికి, ఆపమని, "ఈజీ ఆల్" వినిపించింది.

తిరిగి చూస్తే ఒడ్డున కుర్చీలు మడతపెడుతున్నారు. గెలిచిన జట్టు బట్టలు మార్చుకుని టీ తాగుతోంది. గీత దగ్గర ఒక్క అధికారి ఆవులిస్తూ, దాటారన్నట్టు జెండా ఊపాడు.

"నీకు మొదట్నుంచీ తెలుసు కదా?"

"ఊఁ."

"మరి గెలుస్తున్నామని..."

"నేనెప్పుడన్నాన్రా? వెనకెవరూ లేరన్నది నువ్వు. నేను కాదనలేదు, అంతే." బాబాయి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "కాళ్లు తిమ్మిరెక్కాయి. దింపు."

అతను చెయ్యిచ్చి దింపాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

"వచ్చే ఏడు మన వెనక ఒక్కడైనా కనిపించాలి బాబాయ్."